మందు చీటీ లేని జ్వరం

పెద్ద యుద్ధం మొదలవడానికి మూడేళ్ళ ముందు, ఆడి మాసం మొదటి వారంలో, నన్ను పుదుచ్చేరి సర్కారు కచేరీలో సంఘాల విభాగానికి మార్చారు. అప్పటికి నా హోదా ఎక్రివేన్, అంటే రాతగుమస్తా. దానిపై మెట్టు కొమ్మీ. ఆ మెట్టు ఎక్కడానికి నాలుగేళ్ళుగా కాచుకుని ఉన్నాను. బయటి జనానికి ఈ తేడాలు పట్టేవి కావు. ఫ్రెంచి కాగితం చేత పట్టుకున్న ప్రతివాడూ వాళ్ళకు కొమ్మీ సామే. నేనూ ఎవరినీ దిద్దేవాణ్ణి కాదు.

మా విభాగం పని ఏమిటో ఈ కాలం వాళ్ళకు కొంచెం చెప్పాలి. మిల్లుల్లో, రేవులో పనిచేసేవాళ్ళు నెలనెలా చందా వేసుకుని పరస్పర సహాయ సంఘాలు పెట్టుకునేవారు. సభ్యుడికి జబ్బు చేస్తే డాక్టరు, మందులు, పనికి పోలేని రోజులకు సగం కూలి సంఘమే చూసుకునేది. సర్కారు ఆమోదం ఉన్న సంఘానికి ఆస్పత్రి మందుల కొట్టులో తక్కువ ధర పడేది, డాక్టరూ దొరికేవాడు. ఆమోదం పోయిందా, ఆ సంఘం ఉత్త చందాల పెట్టె. అందుకని ఆమోదం నిలుపుకోవడానికి వాళ్ళు మా తనిఖీలకు తలవంచక తప్పేది కాదు. నియమావళిలో నిబంధనలు చాలా ఉండేవి. సభ్యుల్లో ఎవరికైనా అంటురోగం వస్తే ఒక్కరోజులో ఆరోగ్యశాఖకు తెలపాలనీ, దాస్తే ఆమోదం నిలిపివేస్తారనీ ఒకటి ఉండేది. దాన్ని నేను చదివాను, మరిచాను. నా కళ్ళు ఎప్పుడూ మోసాల మీదే ఉండేవి.

మా షెఫ్, అంటే విభాగం పెద్ద, ఫ్రాన్సు నుంచి వచ్చిన మనిషి. సాయం ఎక్కడ దొరుకుతుందో అక్కడ జబ్బు నటించేవాడు పుడతాడని ఆయన సిద్ధాంతం. చేరిన రోజే నన్ను పిలిచి, నువ్వు వాళ్ళ భాష మాట్లాడేవాడివి, వాళ్ళు నిన్ను బురిడీ కొట్టించలేరు అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయాను. నా ముక్కుకు తెలియని మోసం లేదని అప్పుడు నాకు గట్టి నమ్మకం. నిజానికి ఇరవయ్యో ఏట మొదలెట్టిన నస్యంతో ఆ ముక్కుకు సాంబ్రాణి పొగ కూడా తెలిసేది కాదు. ఆ సంగతి అప్పుడు తోచలేదు.

నాకు అప్పగించిన మొదటి సంఘం ముత్తియాల్‌పేట నేతమిల్లు పనివాళ్ళది. సభ్యుల్లో సగానికి పైగా మన తెలుగు కుటుంబాలు. కార్యదర్శి వి. గోవిందయ్య అనే మిల్లు మేస్త్రీ. మాట మెత్తన, నడక మెత్తన. అలాంటివాళ్ళను చూస్తేనే నాకు ఒళ్ళు మండేది.

శనివారం పొద్దున వాళ్ళ గదిలో కూర్చుని రోగుల రిజిస్టరు తిరగేశాను. ఒక పేరు దగ్గర వేలు ఆగింది. కన్నయ్య, నేత విభాగం, జ్వరం, పద్దెనిమిది రోజులు. సంఘం డాక్టరు సర్టిఫికెట్ ఉంది. సందర్శకుడి సంతకాలూ ఉన్నాయి. సందర్శకుడంటే రోగి నిజంగా మంచం మీదే ఉన్నాడా, వేరే పనికి పోతున్నాడా అని ఇంటికి పోయి చూసివచ్చే సభ్యుడు. అన్నీ సక్రమమే. కానీ మందుల కొట్టు నుంచి ఒక్క చీటీ లేదు. పద్దెనిమిది రోజుల జ్వరానికి ఒక్క పొట్లం మందు తీసుకోని మనిషిని నేను ఎక్కడా వినలేదు.

"వాళ్ళు నాటు వైద్యం జేసుకుంటారు సామీ. ఆస్పత్రి మందు వాళ్ళ ఒంటికి ఒత్తుకోదు" అన్నాడు గోవిందయ్య.

"సగం కూలి మాత్రం బాగా ఒత్తుకుంటోందే" అన్నాను.

అతను నవ్వలేదు. డాక్టరు ఆ ఇంటికి ఎన్నిసార్లు పోయాడని అడిగాను. గోవిందయ్య గోడకేసి చూశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదేగదా అనుకున్నాను. డాక్టరు ఇంటి ముఖం చూడకుండా గోవిందయ్య మాట మీద సంతకం పెట్టాడని ఆ చూపే చెప్పింది. పద, ఇప్పుడే ఆ ఇంటికి పోదాం అన్నాను. ఈ దినం వద్దు, సోమవారం పోదాం అన్నాడు. వద్దన్నకొద్దీ నాకు పట్టుదల పెరిగింది.

కన్నయ్య ఉండే సందు మొదట్లోనే గోవిందయ్య ఆగిపోయాడు.

"నేను ఈడనే ఉంటా సామీ. కన్నయ్యోళ్ళకీ పక్కింటి ఆదెమ్మకీ కాలవ తగువు. నన్ను జూస్తే ఇద్దురూ నా మీదికే వస్తారు. ఆదెమ్మని ఏందీ అడగబాకండి, ఆమె నోరు మంచిది గాదు."

పొరుగువాళ్ళను అడగనీయకుండా చెయ్యడం పాత ఎత్తే. ఆదెమ్మను అడిగి తీరాలని అక్కడే నిశ్చయించుకున్నాను.

సందులో ప్రతి గుమ్మానికీ వేపమండలు కట్టి ఉన్నాయి. అమ్మవారి కొలుపులు జరిగే ఆడి మాసంలో మా పట్నంలో అది మామూలే, మా ఇంటి గుమ్మానికీ ఉన్నాయి. కన్నయ్య ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. పిలిస్తే అతని భార్య నాగమ్మ వచ్చి తలుపు సందులో నిలబడింది. తలకు నూనె లేదు, జుట్టు ముడి లేదు. వాకిలి చిమ్మిన గుర్తు లేదు. ఏం బద్ధకపు మనుషులు అనుకున్నాను.

"లోపలికి రావొద్దు సామీ. ఆయన పండుకోనుండాడు."

"పడుకున్నవాణ్ణి చూస్తే అరిగిపోతాడా?"

"చూడగూడదు సామీ" అంది. ఎందుకు చూడకూడదో చెప్పలేదు. ఎన్నిసార్లు అడిగినా ఆ ఒక్క మాటే.

ఆడమనిషిని తోసుకుని పోవడం మర్యాద కాదు గనుక, కన్నయ్య సభ్యత్వ పుస్తకం తెమ్మన్నాను. ప్రతి సభ్యుడికీ అట్టవేసిన చిన్న పుస్తకం ఉంటుంది. జబ్బు మొదలైన తేది, సందర్శకుడు వచ్చిన తేదులు అందులో పడతాయి. సందర్శకుడు వచ్చేసరికి అది రోగి దగ్గరే ఉండాలని సంఘం వాళ్ళు సభ్యులకు గట్టిగా చెప్పి ఉన్నారు. నాగమ్మ కదలలేదు. తేకపోతే కన్నయ్య పేరు కొట్టేస్తానన్నాను. అప్పుడు లోపలికి పోయి, పుస్తకాన్ని అరటాకు ముక్కలో పట్టుకొచ్చి, నా చేతికివ్వకుండా అరుగు మీద పెట్టి వెనక్కి జరిగింది. సర్కారు మనిషికి ఇచ్చే మర్యాద ఇదా అని నాకు చురుక్కుమంది.

పుస్తకం తెరిచి చూద్దునుగదా, పేజీలు చెమ్మగా ఉన్నాయి. జబ్బు తేదులు రాసిన పేజీ అంతా పచ్చటి మరకలు. సిరా అలుక్కుపోయి అంకెలు చెరిగిపోయి ఉన్నాయి. అంతకు ముందు దస్తావేజుల విభాగంలో ఉన్నప్పుడు, కొత్త కాగితానికి తేయాకు నీళ్ళు పూసి తాతలనాటిదని తెచ్చిన ఘనులను ఇద్దరిని పట్టుకున్నాను. ఇదీ ఆ బాపతే, తేదులు మార్చి పైన రంగునీళ్ళు చల్లారు అని తేల్చేశాను. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. అక్కడ కాగితం నిజంగానే పచ్చగా ఉంది, కామెర్లు మాత్రం నావి.

ఇక మిగిలింది పొరుగు సాక్ష్యం. సభ్యుడి మీద అనుమానం వస్తే, అతను ఇల్లు కదలలేదని పొరుగింటివాళ్ళ చేత ఆ పుస్తకంలోనే సంతకం చేయించాలి. ఆదెమ్మ ఇంటికి పోయాను. నలభై ఏళ్ళుంటాయి. అదే మిల్లులో నూలు విభాగం మనిషి. తెగిన పోగులను ముడివేసే పని. ఒంటరి మనిషి, పొద్దుటి పని ముగించుకుని అప్పుడే వచ్చి చారు కాచుకుంటోంది.

కన్నయ్య ఇంట్లోనే ఉన్నాడా అని అడిగితే, ఉండాడు అంది. చూశావా అంటే, చూడలేదు అంది. చూడకుండా ఎలా తెలుసంటే, తెలుసు సామీ అంది. అయితే ఇక్కడ వేలిముద్ర వెయ్యి అని పుస్తకం చాచాను. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"ఆ పుస్తకం నేను పట్టను సామీ. ఆ ఇంటి వస్తువు ఈ ఇంట్లోకి తేగూడదు."

కాలవ తగువు ఇంత దూరం వచ్చిందా అని నాకు కోపం వచ్చింది. "సర్కారు పుస్తకానికి ఆ ఇల్లేంది, ఈ ఇల్లేంది? పట్టుకో!" అని అరిచాను. ఆ గొంతు నాదేనా అని ఇప్పుడు అనిపిస్తుంది. ఆమె భయపడింది. పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, నేను చూపిన చోట బొటనవేలు ఒత్తింది. ఒత్తిన సిరా కొంగుకు తుడుచుకుని, ఆ కొంగుతోనే ముఖం తుడుచుకుంది. తప్పుడు సాక్ష్యం చెప్పినందుకు చెమట పట్టిందనుకున్నాను.

సాయంత్రం అయిదింటిలోగా నివేదిక షెఫ్ బల్ల మీద ఉంది. తేదులు దిద్దారు, డాక్టరు చూడకుండా సంతకం చేశాడు, కార్యదర్శికి తెలిసే జరిగింది, ఆమోదం నిలిపివేయదగును అని రాశాను. షెఫ్ నా భుజం తట్టాడు. పుస్తకంలోని దేశభాష రాతలను ఫ్రెంచిలోకి మార్చి సోమవారం జతచేయమన్నాడు. దాన్ని సంచీలో వేసుకుని నెల్లితోపులో మా ఇంటికి పోయాను.

ఆదివారం పొద్దున వసారాలో చాప వేసుకుని తర్జుమా మొదలెట్టాను. మా అమ్మ మజ్జిగ తెచ్చింది. ఆమెకు తెలుగు అక్షరం రాదు, అరవ అక్షరం రాదు. చిన్నప్పుడు అమ్మవారు పోసిన మచ్చలు ముఖం నిండా ఉండేవి. నాకు రెండడుగుల దూరంలో నిలబడిపోయింది.

"ఏందిరా అది?"

"ఆఫీసు పుస్తకం."

"ఆఫీసుది గాదు. ఎవురింటిది?"

ముత్తియాల్‌పేటలో ఒక దొంగ రోగిది అని చెప్పాను. ఆమె మజ్జిగ చెంబు కింద పెట్టింది.

"ఆ ఇంట్లో తాలింపు వాసన వచ్చినాదా?"

"నా ముక్కుకేం తెలుస్తుందమ్మా?"

"ఆ ఇంటామె తల దువ్వుకోనుండిందా? వాకిలి చిమ్మిండారా?"

నా చేతిలో కలం ఆగింది. నూనె లేని తల, చిమ్మని వాకిలి, చూడకూడదన్న మాట, అరటాకులో పట్టి తెచ్చిన పుస్తకం, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. మందు చీటీ ఎందుకు లేదో కూడా తెలిసింది. అమ్మవారు ఉన్న ఇంట్లో మందు వాడరు, తాలింపు పెట్టరు, తల దువ్వుకోరు, పైమనిషిని గడప దాటనీయరు. మశూచిని జబ్బు అని కూడా అనరు. ఇవన్నీ నేను ఒళ్ళో కూర్చుని నేర్చినవే.

"వాసన రాలేదా నాయనా నీకు? పసుపు, వేపాకు. రోగి పక్కమీద వేపమండతో పసుపునీళ్ళు చల్లి చల్లి పుస్తకం తడిసిండాది. నా మొగం జూడు, నాకు తెలియదా? దీన్ని తలకింద పెట్టుకోని పండుకోనుండాడు ఆ బిడ్డ" అంది. తరవాత అడగవలసిన మాట అడిగింది. "దీన్ని ఇంకా యాడాడికి తీస్కపోయినావురా?"

ఆమెకు ఒకసారి వచ్చిపోయింది గనుక భయం లేదు. కొలువులో చేరేటప్పుడే టీకా వేశారు గనుక నాకూ లేదు. ఆదెమ్మకు ఏ రక్షణ ఉంది? చొక్కా మార్చుకోకుండానే, మా పట్నంలో మనుషులను ఎక్కించుకుని తోసుకుపోయే తోపుడు బండి ఎక్కి ముత్తియాల్‌పేట పోయాను. వాకిట్లో దూరంగా నిలబడి, చీర ఉడకబెట్టమనీ, రేపు టీకా మనిషిని తెస్తాననీ, టీకా పనిచెయ్యడానికి ఇంకా వ్యవధి ఉందనీ చెప్పాను. ఆదెమ్మ గడపలో నిలబడి నన్ను పైకీ కిందికీ చూసింది.

"నిన్న పుస్తకం పట్టమంటిరి. నేడు చెయ్యి పొడిపించుకోమంటుండారు. రేపు ఇంకేందంటారో?"

సోమవారం టీకా మనిషిని నిజంగానే తీసుకుపోయాను. ఆమె తలుపు తీయలేదు, లోపలి నుంచే రెండు కారణాలు చెప్పింది. సందులో అమ్మవారు ఉండగా సూది పొడిపించుకుంటే తల్లికి కోపం వస్తుందని ఒక కారణం. నేను చెప్పేదేదీ నమ్మదగింది కాదన్నది రెండోది. టీకా మనిషిని వెంటబెట్టుకుని తిరిగి వచ్చేశాను.

షెఫ్ దగ్గరకు పోయి నా నివేదిక తప్పు, అక్కడ మోసం లేదు అన్నాను. ఆయన శాంతంగా విన్నాడు. మోసం లేదు సరే, అంటురోగం దాచారు కదా, నిబంధన ఉంది కదా అన్నాడు. మోసం అన్న మాట కొట్టేసి దాపరికం అని రాశాడు. ఆమోదం నిలిపివేత అలాగే ఉండిపోయింది. ఆ మధ్యాహ్నమే ఆరోగ్యశాఖ వాళ్ళు కన్నయ్యను ఊరవతల అంటురోగుల పాకల్లోకి మోసుకుపోయారు. పక్కబట్టలతోపాటు నేను అప్పగించిన పుస్తకాన్నీ కాల్చేశారు.

కచేరీ మెట్ల దగ్గర గోవిందయ్య నాకోసం కాచుకుని ఉన్నాడు. ఎందుకు దాచావయ్యా అని కసిరాను.

"జెప్తే ఆ పాకల్లోకి ఈడ్చకపోతారు. జెప్పకుంటే దొంగలంటారు. మేము ఏం జెయ్యాల సామీ?" అన్నాడు. మెత్తటి గొంతు ఆ రోజు మెత్తగా లేదు. "ఆ ఇంటోళ్ళు గడప దాటలే. మేము ఎవుర్నీ గడప దాటనీలే. కూడు కూడా వాకిట్లో పెట్టి వస్తాఉంటిమి. పద్దెనిమిది దినాలు. ఆ సందులో ఇంకొకరికి రాలే. మిమ్మల్ని ఆపేదానికే కాలవ తగువని అబద్ధం జెప్తిని. ఆ రెండిండ్లకీ ఏ తగువూ లేదు."

గోవిందయ్య మాటల్లో నేను అనుమానించినవన్నీ నిజంగానే అబద్ధాలే. ఒక్కదాన్నీ తప్పుగా పట్టలేదు. వాటి వెనక దొంగ ఉన్నాడని వెతికాను, దొంగ లేడు.

పన్నెండో రోజున ఆదెమ్మకు జ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది. రెండు కళ్ళూ పోయాయి. కన్నయ్య మచ్చలతో బతికి మళ్ళీ మగ్గం దగ్గరకు పోయాడు. తెగిన పోగు కనబడని మనిషిని నూలు విభాగం ఉంచుకోదు. ఆమోదం నిలిపివేతలో ఉండటం వల్ల సంఘం ఆమెకు డాక్టరునూ తేలేదు, సగం కూలీ ఇవ్వలేదు. గాలికీ రావచ్చు, బావి దగ్గరా అంటవచ్చు అని ఆరోగ్యశాఖ డాక్టరు నాతో అన్నాడు. కావచ్చు. నేను ఆ మాటను ఎన్నడూ నమ్మలేదు.

ఆరు నెలలకు ఆమోదం తిరిగి వచ్చింది. సంఘం చేసిన మొదటి పని, జబ్బుపడ్డ వారాలకు ఆదెమ్మకు సాయం ఇవ్వడానికి అనుమతి అడగడం. వెనకటి తేదీల సాయానికి తనిఖీ గుమస్తా ఇంటికి పోయి చూడాలని నియమం. ఇంకొకరిని పంపమని అడగవచ్చు. అడగలేదు. పోయాను.

ఆదెమ్మ అరుగు మీద కూర్చుని నాగమ్మ కోసం బియ్యంలో రాళ్ళు వేళ్ళతో ఏరుతోంది. నాగమ్మే ఆమెకు రెండు పూటలా కూడు పెడుతోందని గోవిందయ్య చెప్పాడు. నేను పేరు చెప్పలేదు. సంఘం దరఖాస్తు గురించి వచ్చానన్నాను, అంతే. ఆమె చేతులు ఆగాయి.

"మీరా సామీ" అంది. "ఈసారి నన్ను ఏం పట్టుకోమంటారు?"

గొంతులో కోపం లేదు. తెలుసుకోవడానికే అడిగింది. వేలిముద్ర కావాలి తల్లీ, కాగితం నా దగ్గరే ఉంది, కొత్తది, కచేరీలోది అని చెప్పాను. ఆమె బొటనవేలు చాచింది. నేనే పట్టుకుని సిరాలో అద్ది ఒత్తించాను. కొంగుతో తుడుచుకోబోతే నా రుమాలు ఇచ్చాను.

ఆ ఫారంలో జబ్బు ఎలా వచ్చిందో రాసే గడి ఒకటి ఉంది. అందులో "సంఘాల విభాగం తనిఖీ వలన" అని ఫ్రెంచిలో రాసి, కింద నా సంతకం పెట్టాను. షెఫ్ చదివి, ఇలా రాసినవాడికి కొమ్మీ హోదా ఎప్పుడు వస్తుందో చెప్పలేనన్నాడు. ఆ వాక్యం కొట్టేసి "తెలియదు" అని రాశాడు. సాయం మాత్రం మంజూరు చేశాడు. జబ్బుగా ఉన్న వారాలకు సగం కూలి. కళ్ళకు నియమావళిలో గడి లేదు. నాకు కొమ్మీ హోదా ఇంకో ఏడేళ్ళకు వచ్చింది.

ఆ తరవాతి సర్వీసంతా తనిఖీల్లోనే గడిచింది. అసలు మోసగాళ్ళను చాలామందినే పట్టుకున్నాను, అనుమానం మానలేదు. మానితే ఆ ఉద్యోగం చెయ్యలేం. మార్చుకున్నవి రెండు. అబద్ధం దొరికినప్పుడు, అది ఎవరిని కాపాడటానికి ఆడారో తెలుసుకోకుండా నివేదిక రాయలేదు. రోగి గదిలోని కాగితాన్ని బయటికి తెమ్మని ఎవరినీ అడగలేదు. నా కింద పనిచేసిన గుమస్తాలకు ఈ రెండూ మొదటి రోజే చెప్పేవాణ్ణి. కారణం అడిగినవాళ్ళకు ఆదెమ్మ పేరు చెప్పేవాణ్ణి.